కాళ్లు తిరిగొచ్చిన ఏడాది

పోయిన నెలలో పిడుగురాళ్ల నుంచి ఒకావిడ, ఆవిడ తమ్ముడు మా ఇంటికి వచ్చారు. వాళ్లెవరో నాకు తెలియదు. గుంటూరులో నాకు వైద్యం చేసిన డాక్టరుగారే మా ఊరి పేరూ నా పేరూ చెప్పి పంపించారట. ఆవిడ భర్త సున్నపు బట్టీల దగ్గర పనిచేస్తాడు. నాకొచ్చిన జబ్బే అతనికీ వచ్చి, మెడ కింద నుంచి కదలకుండా ఆసుపత్రిలో పడుకుని ఉన్నాడు. ఆవిడ మంచినీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, తల వంచుకునే అడిగింది.

"ఏమీ అనుకోమాకండి అన్నయ్యగారూ. ఒక్కసారి నడిచి చూపిస్తారా?"

వసారాలోంచి లేచి బావి దాకా వెళ్లి వచ్చాను. ఆవిడ నా ముఖం చూడలేదు, పాదాలే చూసింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇంకొక్కసారి అండీ," అన్నాడు ఆ తమ్ముడు. మళ్లీ నడిచాను.

వాళ్లు బస్సెక్కి వెళ్లిపోయాక మా ఆవిడ సామ్రాజ్యం అంది, "అందరూ ఇంత దూరం రాలేరుగా. జరిగింది జరిగినట్టు కాయితం మీద పెట్టండి." అందుకని రాస్తున్నాను.

నా పేరు కోటేశ్వరరావు. ఇంకొల్లు దగ్గర ఒక ఊళ్లో పశువుల ఆసుపత్రిలో కాంపౌండర్ని. జబ్బు చేసిన ఏడాది నాకు ముప్ఫై అయిదు నిండాయి. అమ్మ పోయిన దగ్గర్నుంచి నాన్న మాతోనే ఉంటున్నాడు. మాకు ఒక్కతే కూతురు, కల్పన, అప్పుడు మూడో తరగతి.

నా గురించి ఇంకొకటి చెప్పాలి. నేను బాల్ బ్యాడ్మింటన్ ఆడేవాణ్ణి. మా వైపు చుట్టుపక్కల ఆరు ఊళ్ల క్లబ్బులు కలిసి, వానలు తగ్గిన దగ్గర్నుంచి మిరప కోతలు మొదలయ్యే దాకా ప్రతి ఆదివారం ఒకరి ఊరికి ఒకరు వెళ్లి పోటీలు ఆడుకునేవాళ్లం. ఆడేవాళ్లలో కుర్రాళ్లు తక్కువ. బడి మాస్టర్లు, దుకాణాల వాళ్లు, రైతులు, గుమాస్తాలు. పొట్టలొచ్చినవాళ్లు కూడా ఆదివారం మధ్యాహ్నానికి తెల్ల నిక్కరు, బనీను వేసుకుని తయారయ్యేవాళ్లు. వైపుకి అయిదుగురు. పసుప్పచ్చటి ఉన్ని బంతి నేల మీద పడకుండా వల మీదుగా అవతలికి పంపించాలి, అంతే ఆట. మా జట్టుకి కెప్టెన్ హైస్కూలు డ్రిల్లు మాస్టారు శేషగిరిరావుగారు, ఆయన నడిమిన ఆడేవారు. వల దగ్గర పత్తి కమీషను వ్యాపారం చేసే అన్నదమ్ములిద్దరు. వెనక కుడివైపు మస్తాను, బట్టలు కుట్టే అతను. వెనక ఎడమవైపు నేను.

వెనక ఆడేవాడి సుఖం ముందు ఆడేవాడికి తెలియదు. అవతలి వాళ్లు బంతిని బాగా ఎత్తి లేపుతారు. పొద్దు వాలుతున్న ఆకాశంలో ఆ పసుప్పచ్చటి బంతి ఒక్క క్షణం ఆగినట్టుంటుంది. దాన్నే చూస్తూ వెనక్కి పరిగెత్తుతాం. నేల చూడం. కాళ్లే చూసుకుంటాయి.

మా ఆవిడకి ఆ ఆట మీద కోపమూ లేదు, ఇష్టమూ లేదు. మగవాళ్లకి ఏదో ఒకటి ఉంటుందిలే అనుకునేది. నాన్నకి మాత్రం మింగుడుపడేది కాదు. "కూతురు బడికి పోతంటే నువ్వు నిక్కరేసుకుని బంతాట ఆడతావేందిరా," అనేవాడు. హైస్కూలు వెనకే కోర్టు ఉన్నా ఒక్కనాడూ అటు తొంగి చూడలేదు.

*

ఎనభై అయిదో సంవత్సరం కార్తీకమాసంలో మొదలైంది. అంతకు ముందు విరేచనాలు పట్టుకుని, కొద్దిగా జ్వరం వచ్చి తగ్గింది. ఎవరికైనా వచ్చేదే కదా అని పట్టించుకోలేదు. ఆ ఆదివారం మార్టూరు వాళ్ల ఊళ్లో ఆట. బంతి నా వెనక్కి లేచింది. తల ఎత్తి వెనక్కి తిరిగాను. ఎడమ కాలు వచ్చింది. కుడి కాలు రాలేదు. వెల్లకిలా పడ్డాను.

"ఏందన్నా, నిద్రపోతన్నావా?" అని నవ్వాడు మస్తాను.

నేనూ నవ్వాను. కాసేపటికి మళ్లీ పడ్డాను. ఇంకోసారి పడేసరికి మస్తాను నవ్వలేదు. శేషగిరి మాస్టారు వచ్చి నా రాకెట్టు తీసుకుని, "కోటేశూ, ఇయ్యాల్టికి కూర్చో," అన్నారు. తిరుగు ప్రయాణంలో బస్సు మెట్టు మీదికి కాలు లేవలేదు. మస్తాను వెనక నుంచి తోసి ఎక్కించాడు. బస్సులో వాళ్లు తమాషా అనుకున్నారు.

తర్వాత పాదాల్లో చీమలు పాకినట్టుండేది. చెప్పు జారిపోయినా తెలిసేది కాదు, వట్టి కాలితో చాలా దూరం నడిచాక చూసుకునేవాణ్ణి. ఒక గేదెకు సూది వెయ్యబోతే చేతిలోంచి జారి గడ్డిలో పడింది. వంగి తియ్యబోయాను, వేళ్లు దాన్ని పట్టుకోలేదు. గేదె తోలుకొచ్చిన రైతు తీసిచ్చాడు. మళ్లీ జారింది. ఆ మనిషి నా చేతివైపు, నా ముఖంవైపు చూసి, "రేపొస్తాలే కాంపౌండరుగారూ," అని గేదెను తోలుకుపోయాడు.

మర్నాడు ఉదయం బావి గట్టు మీద ముఖం కడుక్కోవడానికి గొంతుక్కూర్చున్నవాణ్ణి లేవలేకపోయాను. సామ్రాజ్యాన్ని పిలిచాను. ఆవిడ చెయ్యి అందించింది. ఆ చెయ్యి పట్టుకుని కూడా లేవలేకపోయాను. ఆవిడ వెనక్కి వచ్చి, నా చంకల కింద చేతులు వేసి, గుండెకు ఆనించుకుని ఎత్తింది. ఆవిడకు అంత బలముందని పెళ్లయిన ఇన్నేళ్లలో నాకు తెలియదు.

నాన్న పత్తి మందు అన్నాడు. "చేలకి మందు కొట్టేటప్పుడు గట్లమ్మట తిరుగుతాడు, ఆ గాలి పట్టింది," అన్నాడు. వచ్చి చూసిన వాళ్లు పక్షవాతమన్నారు. ఊళ్లో డాక్టరు చిన్న సుత్తితో నా మోకాళ్ల మీద కొట్టి చూశాడు. కాలు ఎగరలేదు. ఆయన సుత్తి పక్కన పెట్టేసి, "ఇప్పుడే గుంటూరు తీసుకెళ్లండి, ఆలస్యం చెయ్యొద్దు," అన్నాడు. ఆయన అలా అనడం వల్లే ఇవాళ బతికున్నాననుకుంటాను. ఇది చదివేవాళ్లకు ఒక్క మాట చెప్పాలి. పాదాల్లో మొదలైన నీరసం పైకి పాకుతూ వస్తుంటే, ఆ రుద్దుడూ ఈ పసరూ అని ఆగకండి. ఆ రోజే పెద్ద ఆసుపత్రికి వెళ్లండి.

మా జట్టులోని పత్తి వ్యాపారం అన్నదమ్ముల అంబాసిడరు కారులో వెళ్లాం. మస్తాను కొట్టుకు తాళం వేసి మాతో వచ్చేశాడు. కల్పన, కబురందుకుని వచ్చిన మా అత్తగారి కొంగు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. చెయ్యి ఊపుదామనుకున్నాను, చెయ్యి భుజం దాకా లేవలేదు. చిలకలూరిపేట దాటాక రోడ్డు పక్క తుమ్మచెట్ల ముళ్లకి లారీల మీది పత్తి పింజలు చిక్కుకుని ఊగుతున్నాయి. ఏటా చూసేదే. ఆ రోజు ఒక్కో చెట్టూ దాటిపోతుంటే, దీన్ని మళ్లీ చూస్తానా అనుకుంటూ కూర్చున్నాను.

గుంటూరు ఆసుపత్రి వసారాలో బెంచీల నిండా జనం. నా మెడ నిలబడడం లేదు. మస్తాను నా పక్కన కూర్చుని, నా తలను తన భుజానికి ఆనించుకుని, పడిపోకుండా నుదుటి మీద చెయ్యి వేసి పట్టుకున్నాడు. పసిపిల్లల తల పట్టుకున్నట్టు. నాకు సిగ్గేసింది. ఎదురు బెంచీ మీద ఒక ముసలాయన కట్టు కట్టిన కాలు చాపుకుని ఉన్నాడు. ఆయన మమ్మల్ని కాసేపు చూసి, కర్ర ఊతంతో లేచి, "ఈణ్ణి పడుకోబెట్టండయ్యా ఇక్కడ," అని గోడకు చేరగిలబడి నిలుచున్నాడు. ఆయన పేరు నేను అడగలేదు.

డాక్టరుగారు మెల్లగా మాట్లాడే మనిషి. కరెంటు తీగ మీది తొడుగు ఊడిపోయినట్టు నా నరాల మీది పొర దెబ్బతిన్నదని చెప్పారు. సామ్రాజ్యం అడిగింది, "మళ్లీ కదలిక వస్తుందా అండీ?"

"చాలామందికి వస్తుందమ్మా. కానీ ముందు ఇంకా దిగజారుతుంది. అది ఎక్కడ ఆగుతుందో చూడాలి. ఊపిరి దాకా రాకుండా ఉంటే చాలు."

ఊపిరి దాకా వస్తే పెట్టే మిషను పక్క గదిలోనే ఉంది. దాని మీద ఎవరో ఉన్నారు. పడుకుంటే ఆ చప్పుడు వినిపించేది, బుసకొట్టి ఆగినట్టు, మళ్లీ బుసకొట్టినట్టు. దాన్ని విననట్టు నటించడానికి మేమందరం ఏవేవో మాట్లాడుకునేవాళ్లం.

*

మార్గశిరం వచ్చేసరికి నేను తల ఒక్కటి అటూ ఇటూ తిప్పగలిగేవాణ్ణి. ఒంట్లో నొప్పి ఉండేది, కదలిక ఉండేది కాదు. ముక్కు మీద ఈగ వాలితే ఎవరినో పిలవాలి. నా కాళ్లు దుప్పటి కింద ఉన్నట్టు కనిపించేవి, నావిగా అనిపించేవి కావు.

డాక్టరుగారు పొద్దునా సాయంత్రం వచ్చి, గట్టిగా ఊపిరి తీసుకుని ఒక్క గుక్కలో అంకెలు లెక్కపెట్టమనేవారు. ఎంత దాకా వెళ్తే అంత బలం ఉన్నట్టు. పూటపూటకీ నా లెక్క తగ్గిపోతోంది. తగ్గుతోందని తెలిసిన కొద్దీ భయంతో మరీ ముందే ఆగిపోయేవాణ్ణి. సామ్రాజ్యం తలుపు అవతల నిలబడి వినేది. నేను ఎక్కడ ఆగుతానో విని, లోపలికి వచ్చేటప్పుడు ముఖం సరిచేసుకుని వచ్చేది.

ఒక సాయంత్రం మస్తాను ఉన్నప్పుడు డాక్టరుగారు వచ్చారు. నేను లెక్క మొదలుపెట్టి ఆగిపోయాను. మస్తాను అన్నాడు, "సార్, అంకెలంటే భయపడతన్నాడు. చెడుగుడు కూత పెట్టమందామా? అదీ ఒక్క గుక్కేగా."

డాక్టరుగారికి నవ్వొచ్చింది. "పెట్టమనండి," అన్నారు.

మంచం మీద, కాళ్లూ చేతులూ ఆడనివాణ్ణి, చెడుగుడు చెడుగుడు అని కూత పెట్టాను. గొంతు పీలగా వచ్చింది. వార్డులో మంచాల మీద వాళ్లు తలలు తిప్పారు. దూరంగా ఎవరో, "పట్టు పట్టు, పోనీమాక," అన్నారు. నాకు నవ్వొచ్చి కూత తెగిపోయింది. అయినా పొద్దుటి కన్నా ఎక్కువసేపు నిలబడిందన్నారు డాక్టరుగారు. ఆ తర్వాత వార్డంతా ఆ వేళకి నా కూత కోసం చూసేది. కొన్నాళ్లు తగ్గింది. కొన్నాళ్లు అక్కడే ఆగింది. అక్కడి నుంచి ఇంక కిందికి పోలేదు. నన్ను ఆ మిషను గదిలోకి తీసుకెళ్లలేదు.

నా పక్క మంచం మీద కొత్తపట్నం నుంచి వచ్చిన మనిషి ఉండేవాడు. వేటకెళ్లినప్పుడు పడవ తిరగబడి వెన్నుకు దెబ్బ తగిలింది. ఆయన భార్య పోలమ్మ. ఆవిడ మాట పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. సామ్రాజ్యం జడ విప్పుకోవడం కూడా మానేసిన రోజుల్లో, పోలమ్మ ఆవిణ్ణి మంచాల మధ్య నేల మీద కూర్చోబెట్టి, నూనె రాసి, చిక్కు తీసి, జడ వేసేది. "మొగుడు లెగిసి చూసేతలికి నువ్వు పిచ్చిదాన్లా ఉంటే మళ్లీ పడుకుంటాడమ్మా," అనేది. సామ్రాజ్యం నవ్వేది. ఆసుపత్రిలో ఆవిడ నవ్వు నేను మొదటిసారి విన్నది అప్పుడే.

పోలమ్మ భర్తకి జ్వరం తిరగబెట్టింది. ఒక మధ్యాహ్నం ఆయన పోయాడు. వాళ్ల వాళ్లు వచ్చి తీసుకెళ్లే ముందు పోలమ్మ నా మంచం దగ్గరికి వచ్చింది. జారిపోయిన నా తలగడని సరిచేసింది. "నువ్వు కూత పెడతా ఉండు తమ్ముడా," అంది. అంతే. సామ్రాజ్యం ఆవిడతో గేటు దాకా వెళ్లి, చాలాసేపటికి తిరిగొచ్చింది. ఆవిడ నా చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ చెయ్యి పట్టుకున్నట్టు నాకు చూస్తేనే తెలిసింది.

నాన్న ఊరి నుంచి వచ్చేటప్పుడు తువ్వాలులో పావురాన్ని చుట్టుకుని బస్సులో తెచ్చాడు. అద్దంకి అవతల ఎవరికో పావురం నెత్తురు రుద్దితే కాలూ చెయ్యీ వచ్చాయట. సామ్రాజ్యం ఒప్పుకోలేదు.

"మామయ్యా, డాక్టరుగారు చెప్పినట్టు పోనివ్వండి."

"నా కొడుకమ్మా ఈడు."

"నాకు మొగుడు."

ఇద్దరూ నా మంచానికి అటొకరూ ఇటొకరూ నిలబడి, నా మీదుగా మాట్లాడుకున్నారు. నేనక్కడ లేనట్టు. రోగి ఇంటివాళ్లకి ఇదొక్కటి చెప్పాలనిపిస్తుంది. పడుకున్న మనిషికి అన్నీ వినపడతాయి. మీ పోట్లాటలోనైనా సరే అతన్నీ కలుపుకోండి. చివరికి నేనే అన్నాను, "నాన్నా, దాన్ని వదిలెయ్యి. నీ చేత్తో నువ్వే రుద్దు."

నాన్న వసారాలోకి వెళ్లి తువ్వాలు విప్పాడు. రెక్కల చప్పుడు నాకు వినిపించింది. లోపలికి వచ్చి కూర్చుని, నా కుడి పాదం చేతుల్లోకి తీసుకున్నాడు. కీళ్లు బిగుసుకుపోకుండా కాళ్లూ చేతులూ ఎలా ఆడించాలో ఆసుపత్రి వాళ్లు సామ్రాజ్యానికి నేర్పించారు. ఆవిడ మామగారికి నేర్పింది. రోజూ పొద్దున్నే నాన్న నా మోకాలు మడిచి, చాపి, మళ్లీ మడిచేవాడు. నాగలి పట్టిన చేతులు, గరుకుగా ఉండేవి. పాదంలో నాకు ముందుగా తిరిగొచ్చింది ఆ గరుకు. "నాన్నా, నీ చెయ్యి తెలుస్తోంది," అని చెప్పాను. ఆయన ఆపకుండా ఆడిస్తూనే, "తెలవాలిగా మరి," అన్నాడు. తల పైకెత్తలేదు.

అలా ఆడిస్తూ ఒకరోజు అడిగాడు, "ఆ ఆటలో ఏముందిరా నీకు?"

నాకు చేతనైనట్టు చెప్పాను. వెనక్కి లేచే బంతి గురించి చెప్పాను. ఆయన ఊఁ కొడుతూ విన్నాడు. తర్వాతి ఆదివారం పొలం పనుందని ఊరెళ్లాడు. మంగళవారం తిరిగొచ్చి, మంచం పక్క స్టూలు లాక్కుని కూర్చుని, మెల్లగా మొదలుపెట్టాడు.

"పర్చూరులో ఆట చూసొచ్చా."

నేను తల తిప్పి చూశాను.

"నీ చోట ఎవరో బక్కోణ్ణి పెట్టారు. ఆడికి బంతి ఎక్కడ పడుద్దో తెలవదు. పడ్డాక పరిగెత్తుతాడు. అవతల ఒక పొట్టోడున్నాడు, వలకాడ. బంతిని కందికంప నరికినట్టు నరుకుతన్నాడు. మీ డ్రిల్లు మాస్టారు మంచోడేగానీ ఊరికే కేకలేస్తాడు. మస్తాను ఒక్కడే రెండువైపులా ఉరుకుతన్నాడు, వగరుస్తా. నాకు కూర్చోబుద్ధి కాలా. పైకి లేసి, ఒరేయ్, ఎనకాల ఖాళీగా ఉంది చూసుకోండిరా అన్నా. ఆడెవడో, కూర్చో తాతా అన్నాడు."

"గెలిచారా?"

"ఏడ గెలుస్తారు. నువ్వు లేవుగా."

ఆ మాట అని, మా నాన్న లేచి కూజాలో నీళ్లు చూడటానికి వెళ్లాడు. కూజా నిండుగానే ఉంది.

అప్పటి నుంచి పోటీలు అయ్యేదాకా ప్రతి ఆదివారం వెళ్లి చూసొచ్చి నాకు చెప్పాడు. నిబంధనలు సగం తప్పుగా చెప్పేవాడు. నేను సరిదిద్దేవాణ్ణి కాదు.

*

మాఘంలో మిరపకాయ లారీలు గుంటూరు రావడం మొదలైంది. ఒక పొద్దున బస్తాల లారీ ఒకటి ఆసుపత్రి పక్క సందులో ఆగిపోయినట్టుంది, కిటికీలోంచి ఘాటు వచ్చింది. వార్డంతా దగ్గులు. ఊపిరి బలం లేనివాడికి దగ్గు కూడా రాదు, గొంతులో ఏదన్నా అడ్డం పడితే మింగాలో కక్కాలో తెలియక భయపడిపోతాడు. ఇన్నాళ్లూ నా సంగతి అదే. ఆ రోజు నాకు తుమ్ము వచ్చింది. పెద్ద తుమ్ము. మంచం కదిలింది. వెంటనే ఇంకోటి.

"చిరంజీవ," అన్నాడు నాన్న, చంటిపిల్లాడు తుమ్మితే అన్నట్టు. నర్సు పరిగెత్తుకొచ్చి, నేను తుమ్మానని తెలుసుకుని, నవ్వుతూ వెళ్లి డాక్టరుగారికి చెప్పింది. సామ్రాజ్యం ఘాటుకి కళ్లు తుడుచుకుంటోంది. ఘాటు పోయాక కూడా తుడుచుకుంటూనే ఉంది.

అక్కడి నుంచి బలం మెల్లగా పైనుంచి కిందికి దిగింది. భుజాలు ముందు వచ్చాయి. తర్వాత మోచేతులు. వేళ్లు చాలా రోజులకి. కాళ్లు అన్నిటికన్నా చివర. ఈ జబ్బుతో ఉన్నవాళ్లకి చెబుతున్నాను, ఇది బస్సులా రాదు. ఒకరోజు కొద్దిగా వస్తుంది, వారమంతా ఏమీ రాదు. ఆ రానప్పుడే మనిషి మనసు పాడవుతుంది. నేనూ సామ్రాజ్యం మీద కసిరాను. అన్నం ముద్ద నోట్లో పెట్టబోతే ముఖం తిప్పుకున్నాను. "నన్ను చూస్తే నీకు విసుగ్గా లేదా?" అని అడిగాను. ఆవిడ ముద్ద చేతిలో పట్టుకునే, "ఉంది," అంది. "ఇది తినేస్తే ఇద్దరం కాసేపు విసుక్కుందాం." తిన్నాను.

చైత్రంలో ఇంటికొచ్చాం. కల్పన పొడుగైనట్టు కనిపించింది. నేను నడిచి వస్తాననుకుంది కాబోలు, మస్తానూ శేషగిరి మాస్టారూ నన్ను కారు దించి కుర్చీలో మోసుకొస్తుంటే దూరంగా నిలబడిపోయింది. ఆ సాయంత్రం దగ్గరికి వచ్చి నా బొటనవేలు పట్టుకుని, "దీన్ని కదిలించు నాన్నా," అంది. కదిలించాను. "రెండోది?" అది కదల్లేదు. "పర్లేదు, రేపు చూద్దాం," అని ఆడుకోవడానికి వెళ్లిపోయింది. రోజూ వచ్చి అడిగేది. డాక్టరుగారి కన్నా కచ్చితంగా.

మాస్టారు బడి వ్యాయామశాల నుంచి రెండు పొడుగాటి వెదురు గడలు తెప్పించి, మా పెరట్లో నడుమెత్తున కట్టించారు. వాటిని పట్టుకుని నిలబడటం, తర్వాత అడుగులు. ఎండలు ముదిరేసరికి గడలు వదిలాను. వానలకి చేతికర్రతో పశువుల ఆసుపత్రికి వెళ్లి ఉద్యోగంలో చేరాను. ఆ రైతే గేదెను తోలుకొచ్చాడు. సూది వేశాను. జారలేదు.

*

మళ్లీ పోటీల కాలం వచ్చింది. కర్ర కూడా వదిలేశాను. కుడి పాదం కొద్దిగా నేలకు రాసుకుంటుంది, అంతే. అయినా నేను కోర్టు వైపు పోలేదు. హైస్కూలు వీధి తప్పించి చుట్టుతిరిగి ఇంటికొచ్చేవాణ్ణి. వెనక్కి లేచిన బంతిని తలుచుకుంటే చాలు, ఒళ్లు చల్లబడేది. మస్తాను రెండుసార్లు పిలిచాడు. పని ఉందన్నాను. తర్వాత పిలవలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం భోంచేశాక సామ్రాజ్యం అంది, "ఇవాళ ఆట మన ఊళ్లోనేనటగా."

"అయితే?"

"మామయ్య పొద్దున్నుంచి తలకి పాగా చుట్టుకుని కూర్చున్నారు. నేనూ కల్పనా కూడా వస్తాం. మీరు ఆడకపోయినా పర్లేదు."

ఆవిడ ఒక్కనాడూ కోర్టుకి రాలేదు. చీర మార్చుకుని గుమ్మంలో నిలబడింది. వెళ్లాం.

ఆట మార్టూరు వాళ్లతో. మాస్టారు నన్ను చూసి, బలవంతం చెయ్యకుండా, ఇస్త్రీ బనీను ఒకటి బెంచీ మీద పెట్టి వెళ్లిపోయారు. కాసేపు చూశాను. రెండో ఆట మొదలయ్యేటప్పుడు బనీను వేసుకున్నాను. మస్తాను తన చోటు నుంచి ఒక అడుగు ఇటు జరిగి నిలబడ్డాడు, నా వైపు కూడా తనే చూసుకునేటట్టు. "నీ చోటికి నువ్వు పో," అన్నాను. వెళ్లాడు.

మార్టూరు వాళ్లకి నా సంగతి తెలుసు. నా వైపు బంతి వచ్చిందంటే మెత్తగా, సరిగ్గా నా చేతికందేలా వచ్చేది. కొట్టేవాణ్ణి. జనం చప్పట్లు కొట్టారు. మళ్లీ మెత్తటి బంతే. మళ్లీ చప్పట్లు. వాళ్లది మంచితనమే. కానీ నేనింకా మంచం మీదే ఉన్నట్టుంది.

అప్పుడు బెంచీ మీంచి మా నాన్న లేచాడు.

"ఏమయ్యా మార్టూరోళ్లూ," అన్నాడు, పొలంలో అవతలి గట్టు మీది మనిషిని పిలిచే గొంతుతో. "మావోడికి బంతి అట్టా దానమిస్తన్నారేంది? సరిగ్గా ఆడండి."

అవతలి కెప్టెన్ నా వైపు చూశాడు. నేను తల ఊపాను.

బంతి లేచింది. నా తల మీదుగా, ఎత్తుగా, వెనక గీత వైపు. ఆకాశంలో ఒక్క క్షణం ఆగింది. నేను వెనక్కి తిరిగాను. కాళ్లు వచ్చాయి, ఎడమది ముందు, కుడిది దాని వెనక కొంచెం ఆలస్యంగా. రాకెట్టు చాచాను. అంచుకు తగిలిందో లేదో, కుడి పాదం మట్టిలో రాసుకుని మోకాళ్ల మీద పడ్డాను. బంతి కూడా పడింది.

మస్తాను పరిగెత్తబోయి ఆగాడు. మాస్టారు ఆగారు. బెంచీ దగ్గర సామ్రాజ్యం లేచి నిలబడింది, కల్పన చెయ్యి గట్టిగా పట్టుకుని. ఎవ్వరూ నా దగ్గరికి రాలేదు. వాళ్లకి ఎంత కష్టమై ఉంటుందో నాకు ఇప్పుడు తెలుసు.

అరచేతులు నేలకు ఆనించాను. ఒక మోకాలు లేపాను. రెండోది లేపాను. నిలబడి, మట్టి దులుపుకుని, బంతి తీసి అవతలికి విసిరాను.

"పాయింటు మీదే," అన్నాను. "సర్వీసు చెయ్యండి."